సువార్త టీచర్ చూడని చేతులు

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకోవాల్సిన పని లేదు, మా హైస్కూల్లో చదివినవాళ్లు ఎవరిని అడిగినా చెప్తారు. ఇరవై తొమ్మిదేళ్లుగా తెలుగు చెప్తున్నాను. నా క్లాసులో కూర్చున్న పిల్ల మొదట చేతులు కట్టుకోవాలి, ఆ తర్వాతే పుస్తకం. చేతులు కట్టుకుంటే ఒళ్లు కుదురుగా ఉంటుంది, ఒళ్లు కుదురుగా ఉంటే చెవి పనిచేస్తుంది అని నా నమ్మకం. అట్లా నమ్మిన మనిషిని కాబట్టే సువార్త టీచర్ గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు లేరు. ఆమెను ఏడేళ్లపాటు ఎగతాళి చేసింది నేనే.

సువార్త మాకు సోషల్ టీచర్. మా స్కూలు తనకల్లుకు ఆరు కిలోమీటర్లు. ఆమె కదిరి వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. పొట్టి మనిషి, నడక మాత్రం మహా వేగం. భుజాన ఒక గుడ్డ సంచి, అందులో అన్నం డబ్బా, కళ్లద్దాలు, ఒక లాంగ్ నోట్‌బుక్కు. ఆ నోట్‌బుక్కుకు నేను జాతకాల పుస్తకం అని పేరు పెట్టాను. పేరు నిలిచిపోయింది, హెడ్మాస్టరు కూడా అట్లాగే అనేవాడు.

ఎందుకు పెట్టానంటే, ప్రతి జూన్‌లో ఆమె మొదటి వారం పాఠమే మొదలుపెట్టేది కాదు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది: "నీకు ఎవురూ నేర్పకుండానే వచ్చిన పని ఏముండాది? అది ఎట్ల వచ్చింది, చెప్పు." పిల్లలు మొదట బిక్కమొహం వేసేవాళ్లు. తర్వాత తర్వాత చెప్పేవాళ్లు. ఒకమ్మాయి వాళ్ల నాయన గొర్రెల మందలో జబ్బు చేసినదాన్ని నడక చూసి దూరం నుంచే పట్టేస్తుందట. మా మరిది కొడుకు హర్ష బోరు మోటారు స్టార్టరు విప్పుతుంటే ఒకసారి చూసి, మరుసటి వారం వాడే విప్పి బిగించాడు. ఇవన్నీ ఆమె పేరుకొక పేజీ చొప్పున రాసుకునేది.

రాసుకుని ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని. గొర్రెల అమ్మాయికి పాఠం చదవమనకుండా రెండు మ్యాపులు చేతికిచ్చి, వీటిలో తేడాలు పట్టు అనేది. హర్షకు పాఠాన్ని చీటీల మీద ముక్కలుగా రాసి, వరస చెరిపేసి, నువ్వే పేర్చుకో అనేది. ఒక క్లాసులో నలభై మందికి నాలుగైదు రకాల పనులు జరుగుతుంటే పక్క గదిలో నేను పద్యం ఎట్లా చెప్పేది? వెళ్లి తలుపు దగ్గర నిలబడి అడిగాను.

"ఏమ్మా సువార్తా, ఇది బడా, సంతా?"

"పది నిమిషాలు ఓర్చుకో అక్కా, అయిపోతాది" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వుకే నాకు ఇంకా మండింది.

అయితే ఆ గొర్రెల అమ్మాయికి సోషల్లో డెబ్బై వచ్చాయి, హర్షకు డెబ్బై ఎనిమిది. నేను ఆ మాట స్టాఫ్‌రూమ్‌లో ఎత్తలేదు.

ఒకసారి కదిరి బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు తన సంగతి తనే చెప్పింది. వాళ్ల నాయన ఇమ్మానుయేల్ కూలి మనిషి. అమ్మ తిప్పమ్మ బడి మొహం చూసింది కాదు. సువార్తకు పుస్తకం ఎంత చదివినా తలకు ఎక్కేది కాదట. సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఈ రోజు ఏం చెప్పినారే అని అడిగితే చెప్పేది. "అర్థం కాల్యా, మళ్ల చెప్పు" అనేదట తిప్పమ్మ. మళ్లీ చెప్పేది. హాస్టల్లో చేరాక చెప్పడానికి ఎవరూ లేరు. పదో తరగతిలో రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ ఎండాకాలం ఇంటికొచ్చి పొయ్యి దగ్గర అమ్మకు చెప్తూ కూర్చుంటే రెండూ వచ్చేశాయి.

"నాకు చదివితే రాదక్కా, చెప్తే వస్తాది. మా అమ్మ తెలీకుండానే నా దోవ కనిపెట్టింది. అందరికీ ఒక దోవ ఉంటాది. అదేదో తెలిస్తే సగం చదువు అయిపోయినట్లే."

"నువ్వు చెప్పుకుంటా పోతే నీకు వస్తాది సరే, వినేవాళ్ల గతి ఏం గావల్ల?" అన్నాను. పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి నాకు ఆమె మీద కొంచెం ఇష్టం మొదలైంది, కానీ బయటపడలేదు.

ఇప్పుడు ఎస్తేరు సంగతి. సువార్త తప్పు చేసింది ఈ పిల్ల విషయంలోనే.

ఎస్తేరు మా ఊరి పిల్లే. అమ్మ తిమ్మమ్మ, నాయన ఆంజి. వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో ఈ చుట్టుపక్కల సగం మంది చేసినట్టే వాళ్లూ ఏడాదిలో ఎనిమిది నెలలు బెంగళూరులో కట్టడం పనికి పోతారు. పిల్ల అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. పలకరిస్తే తల దించుకునే రకం. క్లాసులో నేను చూపించి మరీ చెప్పేదాన్ని, కుదురుగా కూర్చోవడమంటే ఎస్తేరును చూసి నేర్చుకోండి అని. రెండు చేతులూ కట్టుకుని బొమ్మలా కూర్చునేది.

సువార్తా, ఎస్తేరు వాళ్లూ ఒకే చర్చికి పోతారు. ఒక ఆదివారం పాస్టరు కొత్త పాట ఎత్తుకుంటే, ఒక్కసారి విన్న ఎస్తేరు రెండోసారి చరణాలతో సహా పాడేసిందట. మర్నాడు సువార్త సంబరంగా వచ్చి నోట్‌బుక్కు తీసి నాకు చూపించింది. ఎస్తేరు పేజీలో ఒకటే మాట రాసి ఉంది: చెవి.

ఇక మొదలుపెట్టింది. పాఠాలన్నీ తన గొంతుతో ఫోన్లో రికార్డు చేసి మధ్యాహ్నం భోజనాల తర్వాత వినిపించేది. ఎస్తేరు చెట్టు కింద కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని వినేది. చూడటానికి నాకే ముచ్చటేసేది. మార్కులు చూస్తే నూటికి పద్దెనిమిది. తర్వాతి పరీక్షలో ఇరవై రెండు. ఆ తర్వాత మళ్లీ ఇరవై.

"నీ జాతకం తప్పింది సువార్తా" అన్నాను.

"తప్పలేదక్కా. ఆ పిల్లకు చెవే. నా కండ్లతో చూసినా. నేనే వేగంగా చెప్పినానేమో." ఇంకా నిదానంగా మళ్లీ రికార్డు చేసింది. గొంతు బొంగురుపోయింది కానీ ఆ పేజీలో రాసిన మాట మాత్రం కొట్టేయలేదు. మొండితనంలో నాకేం తీసిపోదు.

మరి ఎస్తేరు ఎందుకు నోరు విప్పి చెప్పలేదంటే, మా పిల్లలు చెప్పరు. టీచరు మన కోసం ఇంత కష్టపడుతుంటే, ఇట్లా నాకు రావడం లేదు టీచర్ అనడం వాళ్ల దృష్టిలో టీచరును అవమానించడం. అట్లా పెంచింది వాళ్లను మేమే.

పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ చివర వచ్చాయి. ఎస్తేరు అన్నీ పాసైంది, ఒక్క సోషల్ తప్ప. ఇరవై ఏడు. పాస్ కావాలంటే ముప్పై ఐదు. ఆ సాయంత్రం సువార్త మా ఇంటికి వచ్చి, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"తప్పింది ఎస్తేరు కాదక్కా, నేను. తెలుగు పాసైంది, లెక్కలు పాసైంది. నేను ప్రత్యేకంగా చెప్పిన సబ్జెక్టే పోయింది."

అంతటితో పోలేదు. ఎస్తేరు అవ్వ చలికాలంలో చనిపోయింది. అప్పటి నుంచి ఎస్తేరు అమ్మ తిమ్మమ్మ పనికి పోకుండా పిల్ల పరీక్షల దాకా ఊళ్లోనే ఉంది. ఇంకా ఎన్నాళ్లుంటుంది? సువార్త వెళ్లి మాట్లాడితే ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"టీచరమ్మా, జూన్ నడుమ మేం బెంగళూరు పోతాండాం. ఆడ మేస్త్రీ ఎదురుచూస్తాండాడు. పాసైతే కదిరి హాస్టల్లో ఏసి పోతాం, ఇంటర్ సదువుకోనీ. పాస్ గాకుంటే ఒంటి ఆడపిల్లను ఈడ యాడ ఇడిసిపెట్టేది? మాతోనే వస్తాది, ఇసుక మోస్తాది. ఇంగ నన్నేం అడగద్దు."

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సప్లిమెంటరీలో సోషల్ పరీక్ష మే ఆఖరున. నెల రోజులు. ఎస్తేరు కాలేజీకి పోతుందా, ఇసుక తట్ట ఎత్తుతుందా అనేది ఆ ఒక్క పరీక్ష మీద ఆగింది.

ఆ నెల రోజులూ తిమ్మమ్మ, ఎస్తేరు మా ఇంట్లోనే పనికి కుదిరారు. మా ఆయన ఎర్రన్న వేరుశనగ పెడతాడు. వాన పడితే జూన్‌లో విత్తనం వేయాలి, అందుకని మే నెలంతా మా వసారాలో కాయలు ఒలిచే పని ఉంటుంది. మిషన్లో వేస్తే పప్పు పగిలి మొలక రాదు, విత్తనానికి చేత్తోనే ఒలవాలి. కాయల మీద నీళ్లు చిలకరించి, బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుని, ఏడెనిమిది మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. టప్, టప్ అని కాయలు పగులుతుంటాయి, నోళ్లు ఆడుతుంటాయి.

పిల్లకు పగలంతా ఇదే పని, చీకటి పడితే నిద్ర. ఇక సువార్త ఎప్పుడు చదివించాలి? మూడో రోజు మధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ మా వసారాకే వచ్చేసింది, సోషల్ పుస్తకం పట్టుకుని.

"ఎస్తేరూ, చేతులు కడుక్కొని ఇట్ల రామ్మా. పది నిమిషాలు విను" అంది.

ఎస్తేరు పేలిక విప్పి, చేతులు కడుక్కుని, వచ్చి ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకుంది. సువార్త ఒక పేజీ చదివి వివరించింది. ఇప్పుడు నువ్వు చెప్పు అంటే పిల్ల కళ్లల్లో నీళ్లు తప్ప నోట్లోంచి మాట లేదు. నాలుగు రోజులు ఇదే తంతు. ఐదో రోజు నాకు చిర్రెత్తింది.

"ఒలిచేదన్నా ఒలవల్ల, సదివేదన్నా సదవల్ల. రెండూ చెడతాండాయి గదనే" అని ఎస్తేరు మీద గట్టిగా అరిచాను. ఆ పిల్ల లేచి వెళ్లి మళ్లీ కాయల దగ్గర కూర్చుంది, తల ఎత్తలేదు. తిమ్మమ్మ కాయలు గుప్పెడు కూతురి ముందుకు జరిపింది. సువార్త పుస్తకం మూసింది.

అప్పుడు సుబ్బలక్ష్మమ్మ అని మా పక్కింటి ముసలామె, ఊరికే కూర్చోలేక వచ్చి ఒలిచే మనిషి, అందరి మనసులూ మళ్లించడానికో ఏమో, సువార్తను అడిగింది.

"ఏమ్మా సువార్తా, ఆ పుస్తకంలో మన ఎర్ర నేల గురించి గూడా రాసినారా?"

సువార్తకు అడిగితే చాలు కదా, చెప్పకుండా ఉండలేదు. "రాసినారు అవ్వా. నేలల్లో శానా రకాలుండాయి" అని మొదలుపెట్టింది. ఒండ్రు నేల ఎక్కడ, నల్లరేగడి ఎక్కడ, ఎర్ర నేలకు ఆ రంగు ఎందుకొచ్చింది. ముసలామె పత్తికి ఏ నేల మంచిది, నీళ్లు పట్టి ఉంచేది ఏది అని గుచ్చి గుచ్చి అడిగింది. అట్లా పావుగంట నడిచింది. ఎస్తేరును ఎవరూ పట్టించుకోలేదు.

"మొత్తం ఎన్ని రకాలంటివి?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఆరు అవ్వా. ఒండ్రు, నల్లరేగడి, ఎర్ర నేల, లాటరైట్, అటవీ నేల..." సువార్త వేళ్లు ముడుస్తూ ఆగిపోయింది. రోజూ చెప్పే పాఠమే, ఆ క్షణానికి ఆరోది తట్టలేదు.

"శుష్క నేల" అంది ఎస్తేరు.

తల ఎత్తకుండానే అంది. చేతులు ఆగలేదు. "ఇసుక ఎక్కువ ఉంటాది అవ్వా, ఉప్పుంటాది. తేమ నిలవదు. ఎర్ర నేలకు ఇనుము వల్ల ఆ రంగు. నీళ్లు పట్టినప్పుడు అదే పసుపు రంగులో కనిపిస్తాది. లాటరైట్ వానలెక్కువ ఉన్న తావున వస్తాది, సారమంతా కొట్టుకపోయి." టప్, టప్ అని కాయలు పగులుతూనే ఉన్నాయి, మాట వెనకే మాట వస్తూనే ఉంది. ఆరు నేలలూ వరసగా చెప్పేసింది. సువార్త ఆ రోజు చెప్పని పంటలు కూడా రెండు చెప్పింది, అవి ఎప్పుడో రికార్డులో విన్నవే అయ్యుంటాయి.

సువార్త నా వైపు చూసింది. నేను టీచరును కదా, నమ్మకం కుదరక, "ఏదీ, లేచి నిలబడి చెప్పు" అన్నాను. ఎస్తేరు లేచింది. అలవాటు ప్రకారం చేతులు కట్టుకుంది. ఒండ్రు నేల అంది, నల్లరేగడి అంది, అంతే. ఇప్పుడే కదా చెప్పింది, ఏమైపోయింది అని మాకు అర్థం కాలేదు.

"కుచ్చో" అంది సువార్త నెమ్మదిగా. "ఒలువు. ఒలుస్తా చెప్పు."

కూర్చుంది. కాయ తీసుకుంది. నాలుగు కాయలు పగిలేసరికి మాట వచ్చింది.

సువార్త నుదురు పట్టుకుంది. "అయ్యో దేవుడా, నేను చర్చిలో మూడేండ్లు ఆ పిల్ల పక్కన కూర్చున్నానక్కా. పాడేటప్పుడు చేతిలో కంజీర ఉంటాది. అది వాయిస్తానే పాడతాది, ఒక్కనాడు గూడా ఊరికే పాడలేదు. పాట విన్నాను గానీ చేతులు చూడలేదు. మిగతా సబ్జెక్టులన్నీ రాసి రాసి నేర్చుకొని గట్టెక్కింది, నేను మాత్రం చెవి అని రాసుకొని, పుస్తకం మూసేసి, చేతులు కట్టేసి కుచ్చోబెట్టినాను."

ఆ చేతులు కట్టించింది సువార్త కాదు. ఆరో తరగతి నుంచి ఐదేళ్లు రోజూ కట్టించింది నేను. క్లాసులో అందరికీ చూపించి మెచ్చుకుంది నేను. ఆ పిల్ల బొమ్మలా కూర్చున్నప్పుడల్లా లోపల ఏమీ వినబడటం లేదని నాకేం తెలుసు? పైకి మాత్రం, "సరే, ఇంగ ఏడుస్తా కుచ్చోవద్దండి, పాఠం కానీయండి" అన్నాను.

మర్నాటి నుంచి మా వసారా సోషల్ క్లాసైపోయింది. సువార్త సుబ్బలక్ష్మమ్మకు పాఠం చెప్తున్నట్టు చెప్పేది. ముసలామె అడ్డదిడ్డంగా ప్రశ్నలేసేది. ఎస్తేరు ఒలుస్తూ వినేది, ఒలుస్తూనే జవాబిచ్చేది. ఉప్పు కోసం సముద్రం దాకా నడిచిన సంగతి, ఓట్లు, బ్యాంకులు, గనులు అన్నీ కాయల మధ్యలోనే నడిచాయి. మిగతా ఆడవాళ్లు కూడా మధ్యలో నోరు పెట్టేవాళ్లు. తిమ్మమ్మ ఒక్కతే ఏమీ అడిగేది కాదు, కూతురి పక్కన కూర్చుని తన పని తాను చేసుకునేది.

పన్నెండు రోజులు బాగానే నడిచింది. పదమూడో రోజు కాయలు అయిపోయాయి. పరీక్షకు ఇంకా వారం ఉంది, పుస్తకంలో నాలుగు పాఠాలున్నాయి. మా ఆయన తిండికని వేరే దాచుకున్న మూడు బస్తాలు మిషన్‌కు పంపబోతుంటే వెళ్లి అడ్డం నిలబడ్డాను.

"అవి గూడా చేత్తోనే ఒలిపిద్దాం."

"తినే కాయలకు చేత్తో ఒలిచేదెందుకే?"

"ఎస్తేరు పరీక్షకు."

ఆయన బస్తా దించి నా మొహం చూశాడు. "ఆ పిల్ల పాస్ కావల్లంటే నేను ఎన్నెకరాలు పెట్టల్ల? ఏడాదికి ముందే చెప్పింటే ఇంగో చేను గుత్తకు తీసుకొనుంటి" అన్నాడు. అని బస్తాలు మళ్లీ వసారాలోకి మోసుకొచ్చింది ఆయనే.

నాకు ఇంకో దిగులు పట్టుకుంది. పరీక్ష హాల్లోకి శెనక్కాయలు తీసుకుపోనీరు కదా. సువార్తకూ అదే దిగులు. ఈసారి మాత్రం ఆమె తనే ఏదో ఒకటి తేల్చి నోట్‌బుక్కులో రాసేయలేదు. ఎస్తేరునే అడిగింది: "నీకేమనిపిస్తాంది? ఆడ ఎట్ల జేస్తావు?"

ఆ పిల్లను జీవితంలో ఎవరూ అట్లా అడిగి ఉండరు. చాలాసేపు ఆలోచించింది. "కాయ లేకున్నా ఒలుస్తా టీచర్" అంది. కుడి చేత్తో రాస్తూ, ఎడమ చేతి బొటనవేలినీ చూపుడువేలినీ కాయ నొక్కినట్టు నొక్కి చూపించింది. రెండు రోజులు అట్లా రాసి చూసింది. మొదట తడబడింది, తర్వాత కుదిరింది.

పరీక్ష కదిరిలో. నేనూ సువార్తా గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడ్డాం. పన్నెండు ముప్పావుకు పిల్లలంతా బయటికొచ్చారు. ఎస్తేరు అందరికంటే చివర వచ్చింది, మొహం వాడిపోయి. సువార్త చేయి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

జరిగింది ఎస్తేరు చెప్పింది. మొదటి గంట బాగానే రాసింది. ఇంతలో స్క్వాడ్ వచ్చారు. ఓణీ కింద ఎడమ చేయి కదులుతుంటే చీటీలున్నాయని అనుమానించి లేపారు. ఒక మేడం పక్క గదిలోకి తీసుకెళ్లి వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయినా అనుమానం పోలేదు, తెచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టి, రాయని చేయి కదలకుండా బెంచీ మీద పెట్టు అన్నారు. ఇరవై నిమిషాలు పోయాయి. చేయి బెంచీ మీద పెట్టేసరికి లోపలున్నదంతా ఆగిపోయింది.

"మల్ల ఏం జేస్తివి?" అన్నాను.

"అడిగినా టీచర్."

"ఏమని?"

"లేసి నిలబడి, సార్, నాకు చేయి ఆడిస్తేనే గుర్తుకొస్తాది, మీ కండ్ల ముందరే బెంచీ మీద ఆడిస్తా, మీరు సూస్తానే ఉండండి అన్యా. స్క్వాడ్ సారు మొదట వద్దన్యాడు. నేను కుచ్చోలేదు. మల్లా అడిగినా. అప్పుడు సరే అని నా ముందరే కుర్చీ ఏసుకొని కుచ్చున్నాడు. రాసినా. ఆఖరి ప్రశ్న సగమే అయింది."

అంత పెద్ద హాల్లో, స్క్వాడ్ ముందు, నోరు విప్పడమంటే ఏమిటో తెలియని పిల్ల లేచి నిలబడి తనకు ఏం కావాలో రెండుసార్లు అడిగింది. నా ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క పిల్ల కూడా నన్ను అట్లా అడగలేదు. అడిగే వీలు నేను ఇవ్వలేదు. సువార్త ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. పాసైనా కాకపోయినా ఇక ఈ పిల్ల గురించి భయం లేదక్కా అంది నాతో. నాకు మాత్రం భయంగానే ఉంది. బెంగళూరు మేస్త్రీకి ఈ ధైర్యంతో పనేముంది, ఆయనకు ఇసుక మోసే చేతులు కావాలి.

జూన్ రెండో వారంలో ఫలితాలు వచ్చాయి. సువార్త ఫోన్లో నంబరు కొట్టి, చూడలేక ఫోను నా చేతికిచ్చింది. నలభై మూడు. నేను ఆ అంకెను రెండుసార్లు పైకి చదివాను. ఎస్తేరు తిమ్మమ్మ వైపు చూసింది. తిమ్మమ్మ తల ఊపి, "హాస్టల్‌కు ట్రంకు పెట్టె కొనల్ల" అంది.

నాలుగు రోజులకు తిమ్మమ్మ, ఆంజి బెంగళూరు బయల్దేరారు. పొద్దున పది గంటల బస్సు మా రోడ్డు మీద ఆగుతుంది. సాగనంపడానికి ఎస్తేరు వచ్చింది, సువార్త వచ్చింది, నేనూ వెళ్లాను. ఆంజి మూటలు లెక్క చూసుకుంటున్నాడు. తిమ్మమ్మ నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, ఒగ మాట. నవ్వద్దండి."

"చెప్పు తిమ్మమ్మా."

"మా పిల్లకు మీరు చెప్పిండేవన్నీ నాకు గూడా వచ్చేసినాయి. ఆ నేలలు, ఆ ఉప్పు కత, ఓట్లు, అంతా. పొద్దున లేసినప్పట్నుంచి తలకాయలో తిరగతానే ఉండాయి." బస్సు వచ్చే దిక్కు చూసింది. "రెండో తరగతిలో చేతులు కట్టుకొని కుచ్చోల్యాదని సారు రోజూ కొడతాండె. దీనికి తలకాయ లేదని మా నాయనతో చెప్పినాడు. మా నాయన మాన్పించేసినాడు. నాకు తలకాయ లేదనే అనుకుంటి టీచరమ్మా. ముప్పై ఏండ్లు అనుకుంటి."

ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. ఏదో తెలిసిన సంగతి చెప్తున్నట్టు చెప్పి, కొంగు సర్దుకుంది. సువార్త ఆమె చేయి పట్టుకుని, బెంగళూరులో ఆదివారం సెలవుంటుందా, ఫోన్ చేయడానికి వీలవుతుందా అని అడగడం మొదలుపెట్టింది. చదవడం రాయడం నేర్చుకుంటే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చని చెప్తోంది. నాకు ఏడుపొచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

బస్సు వచ్చింది. అప్పటికే నిండుగా ఉంది, అందరూ పనికి పోయేవాళ్లే. కిటికీల్లోంచి నన్ను చూసి, టీచర్ బాగుండారా, ఒంట్లో బాగుండాదా టీచర్ అని పలకరించారు. పదకొండు మంది నా దగ్గర చదివినవాళ్లు. ఒక్కొక్కరి పేరూ నాకు గుర్తుంది. ఎవరు ఏ బెంచీలో కూర్చునేవాళ్లో, ఎవరిని ఎన్నిసార్లు బయట నిలబెట్టానో గుర్తుంది. వాళ్లలో ఎవరికి చదువు ఎట్లా వచ్చి ఉండేదో మాత్రం ఒక్కరిది కూడా నాకు తెలియదు.